రెండు రిజిస్టర్ల జైలు

నా ఉద్యోగమంతా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూనే తిరిగింది. ఆ ప్రాంతంలోని ఒక సబ్ జైలులో నన్ను రికార్డుల గుమాస్తాగా వేసినప్పుడు ఫ్యాక్షన్ రోజులు. లోపల ఒక పార్టీవాళ్లది ఒక గది, ఎదుటి పార్టీవాళ్లది ఇంకో గది.

నేను రాకముందు రిజిస్టర్లన్నీ మా హెడ్ వార్డరే చూసుకునేవాడు. చర్చిలో ఆయన మా సంఘ పెద్ద. పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు ప్రతి రిజిస్టరునూ గుడ్డలో చుట్టి ఆఫీసు పెట్టెలో పెట్టాడు. ముడి విప్పితే ఎండిన వేపాకు రాలేది. ఒక్క పుటకూ చెద తగల్లేదు. ఏ మనిషి పేరునూ దేవుడు మరిచిపోడని విని పెరిగిన నాకు ఆ పని ఆరాధన లాగే తోచేది.

చేరిన కొత్తలో ఒక తల్లి వచ్చింది. పులివెందుల పక్క పల్లె. కొడుకుకు శిక్షపడి కడప జైల్లో ఉన్నాడు. అంతకు చాలా ఏళ్ల ముందు, అదే కేసులో, మా దగ్గర నాలుగు నెలలు రిమాండులో ఉన్నాడు. ఆ రోజులు శిక్షలోంచి తగ్గించాలంటే మేము తారీఖులు రాసివ్వాలి.

"ఆ కాగితం ఇస్తే శనక్కాయ ఇత్తనమేసే పొద్దుకి ఇంటికొస్తాడంటప్పా. సేను బీడు పడ్తాంది, సేసేటోళ్లు లేరు."

ఆ ఏటి రిజిస్టరు మొదటి పుట నుంచి చివరిదాకా చదివాను. అతని పేరు లేదు. మరుసటి రోజు ఆమె మళ్లీ బస్సెక్కి వచ్చింది. మళ్లీ చదివాను. లేదు. మోకరించి ప్రార్థన చేసి మూడోసారి చూశాను. హెడ్ వార్డరు సువార్త సభలకని సెలవులో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చిన రోజు ఆమె కూడా వచ్చింది. జరిగింది చెప్పాను.

"ప్రార్థన సరేప్పా, ఇంగో పెట్టె కూడా చూడాల్సింది," అని నవ్వాడు. ఆమె వైపు తిరిగి, "అప్పుడు మీవోడు ఎవరి పార్టీమ్మా?" అన్నాడు.

ఆమె నా వైపు అనుమానంగా చూసింది.

"ఈయప్ప మా సంఘమోడే. ఈడ మాట ఈడనే ఉంటాది."

"అప్పుడు ఆ పక్క ఉన్న్యాడు సారూ. మా మరిదిని ఆళ్లే కొట్టినాక ఈ పక్కకొచ్చినాడు. వాడు ఆడుండిన సంగతి ఈ పక్కోళ్లు మర్సిపోయినారు. మళ్లా ఎత్తద్దు."

ఆయన కాపలా గదిలోని ఇనుప పెట్టె తెరిచి, అదే ఏటి రిజిస్టరు ఇంకొకటి తీశాడు. పార్టీకొక పుస్తకం పెట్టాడని నాకప్పుడు తెలిసింది. ఏడో పుటలో అతని పేరు, పక్కన వేలిముద్ర ఉన్నాయి.

"రూలు ప్రకారం ఒకటే ఉండాల గదన్నా," అన్నాను కోపంగా.

"ఉండాల. ముద్ర ఏసేటప్పుడు సదువొచ్చినోడు పై వరసలో ఎదుటోని వాయిదా తారీఖు సదివితే? కోర్టుకు పొయ్యే దావలో కాసుకుంటారు. నా పుస్తకం సూసి ఒగని పానం పోగూడదని రెండు పెట్టినా."

ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. కానీ ఆయన ఆ సభల నుంచి రాకపోయి ఉంటే ఆ కొడుకుకు నాలుగు నెలలు పోయేవి.

కాగితం రాసి, సూపరింటెండెంటు సంతకం చేయించి ఇచ్చాను. ఆమె చదివి వినిపించమంది. చదివాను.

"ఏ పుస్తకంలో దొరికిందో రాయలేదు గదా?"

"లేదమ్మా. పేరు, ఊరు, తారీఖులు. అంతే."

నమ్మకం చాలక హెడ్ వార్డరు చేత ఇంకోసారి చదివించుకుని, కొంగున ముడేసుకుని కడప బస్సుకు పోయింది.

విత్తనాలు పడే రోజుల్లోనే అతను విడుదలయ్యాడని వాళ్ల వకీలు చెప్పాడు. ఆ వారమే హెడ్ వార్డరూ నేనూ రెండు పెట్టెల రిజిస్టర్లకూ కలిపి ఒక పేర్ల పట్టీ మొదలుపెట్టాం. ఆయన చదివేవాడు, నేను రాసేవాణ్ని. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట. ఇనుప పెట్టె తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉండనిచ్చాను.