తిరుత్తణిలో చూసిన విమానాల సినిమా

మా అన్న వైమానిక దళంలో చేరి రెండేళ్లయింది. ఎక్కడో ఉత్తరాదిలో విమానాల దగ్గర పనిచేస్తాడని తప్ప, పొదటూరుపేటలో మగ్గం నేసుకునే మాకు ఇంకేమీ తెలియదు. తిరుత్తణి టాకీసులో పొద్దుటి ఆటకు పాత ఇంగ్లీషు సినిమా వచ్చిందనీ, అందులో అంతా విమానాలేననీ విని, అమ్మ ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. కొడుకు చేసే పని కళ్లారా చూడాలని ఆమె ఆశ.

మాటలు మా ఇద్దరికీ అర్థం కాలేదు. కొత్త విమానాలను మొదటిసారి ఎక్కి, అవి శబ్దం కన్నా వేగంగా పోగలవో లేదో చూసే పైలట్ల కథ అని పక్కసీటాయన అరవంలో చెప్పాడు. మేఘాలను చూసి అమ్మ మురిసిపోయింది. అంతలో ఒక విమానం తలకిందులుగా దూసుకొచ్చింది. లోపలి మనిషి రెండు చేతులతో కడ్డీని లాగుతున్నాడు, అది మాట వినడం లేదు. అమ్మ నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది. ఆట పూర్తికాకముందే బయటికొచ్చేశాం.

అన్న దగ్గరినుంచి ఉత్తరం వచ్చి నెలయింది. అన్నాళ్లూ పట్టించుకోని అమ్మకు ఇప్పుడు అదే దిగులు. మగ్గం ముందు కూర్చుంటే పోగులు తెగేవి. ఆకాశంలో ఏ చప్పుడు విన్నా వీధిలోకి పరుగెత్తేది. "వాడు యాడ, ఏం పని చేస్తా ఉండాడో మనకు నిజం చెప్పినాడా?" అని నన్నే అడిగేది.

నాలుగో రోజు పోస్టాఫీసులో, అన్న పాత ఉత్తరంలో రాసిన నంబరుకు ట్రంకుకాల్ బుక్ చేశాం. మొదటిసారి లైను దొరికినప్పుడు, ఒక విమానం పైనుందనీ, అది దిగేదాకా అన్న రాలేడనీ చెప్పారు. అమ్మ బల్ల మీద కూలబడింది. మధ్యాహ్నం దాటాక అన్న గొంతు వినిపించింది. నేనూ చెవి ఆనించాను.

"నువ్వు పైకి పోతావా నాయనా?"

"లేదుమా. నేను కిందనే. రిపేరు చేసి, ఎగరొచ్చని సంతకం పెడతా. పైలట్ ఎక్కి చూస్తాడు."

అమ్మ స్థిమితపడుతుందనుకున్నాను. ఆమె ఇంకా మెల్లగా అడిగింది: "నువ్వు సంతకం పెట్టిన దాంట్లో ఎవురన్నా పడిపోయినారా?"



"ఇంకా లేదుమా. అది దిగేదాకా నాకు గొంతులో నీళ్లు గూడా దిగవు."

అప్పటినుంచి ప్రతి ఉత్తరంలో, అన్న రిపేరు చేసిన విమానం ఎక్కి చూసే ఆ పైలట్ బాగున్నాడా అని అమ్మ నా చేత రాయించేది. బాగున్నాడని అన్న రాసేవాడు. ఒక ఉత్తరంలో ఆ మాట లేదు. అమ్మ దాన్ని నా చేత మూడుసార్లు చదివించి, అన్నం ముట్టకుండా పడుకుంది. పదిరోజులకు వచ్చిన కార్డులో, ఆయనకు వేరే ఊరికి బదిలీ అయిందనీ, రైలెక్కించి వచ్చాననీ ఉంది. ఆ కార్డు చదివాక అమ్మ, "ఆయన బదులు ఇప్పుడొచ్చినాయన ఎట్లుండాడో రాయమని రాయి" అంది.