ఇటుక పొడితో తోమిన టాపెట్ కవర్

ఒక ఎండాకాలం శుక్రవారం నాడు నేను కారు ఇంజిన్ మూతను బువ్వగిన్నె తోమినట్టు తోమాను. ఆ తర్వాత రెండు వారాల లోపే మా షెడ్డులో ఒక పెద్దాయన పని పోయింది. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని నాకు చాలా రోజులు తట్టనే లేదు. తట్టిన రోజు మాత్రం అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా షెడ్డు మొయినాబాద్ నుంచి చేవెళ్ల వచ్చే రోడ్డు మీద ఉంది. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో నేను గిన్నెలు తోమే బండ. మా ఆయన మెకానిక్. ఆయనకు చిన్నప్పుడు పని నేర్పిన ఉస్తాద్ ఇప్పుడు మా షెడ్డులోనే పని చేస్తాడు. నేను ఆయన్ని చాచా అంటాను. పొద్దున్నే మొయినాబాద్‌లో బస్సెక్కి వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో షెడ్డు తెరిచేది ఆయనే. ఒకప్పుడు ఇంజిన్ చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెప్పేవాడట. కళ్ళలో పొరలు వచ్చాక బోల్టులు బిగించడం మానేశాడు. విప్పిన సామాన్లను పెట్రోలు ట్రేలో ముంచి, బ్రష్షుతో కడిగి, మిషనుతో గాలి కొట్టి, గుడ్డ మీద వరుసగా పేర్చడం ఒక్కటే ఆయన పని. "ఇదన్న లేకపోతె నాకు పొద్దువోదు బిడ్డా" అనేవాడు నాతో. అది ఉత్తమాట కాదని ఆయన ఆ బ్రష్షును రోజూ కడిగి ఆరబెట్టుకునే తీరు చూస్తేనే తెలిసేది.

నా సంగతి చెప్పాలంటే నాకు మురికితో జన్మ పగ. సబ్బుబిళ్ళలు ఎన్ని వచ్చినా మసిపట్టిన గిన్నె కనిపిస్తే నా చెయ్యి ఇటుక పొడి డబ్బా మీదికే పోతుంది. మోకిల వైపు ఇళ్ళు కట్టే చోట్ల సగం విరిగిన ఇటుకలు కావలసినన్ని దొరుకుతాయి. తెచ్చి, దంచి, జల్లెడ పట్టి ఉంచుకుంటాను. నా గిన్నెల్లో ముఖం చూసుకోవచ్చని మా వాడకట్టు ఆడవాళ్ళు అంటే, కాదని నేను ఏనాడూ అనలేదు. అలాంటి నా కళ్ళ ముందు రోజూ ఆ నల్లటి ఇంజిన్ సామాన్లు పడి ఉంటే ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి. కానీ వాటిని ముట్టొద్దని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. నేనూ ముట్టేదాన్ని కాదు.

ఆ శుక్రవారం ముడిమ్యాల నుంచి ఒక సారు కారు వచ్చింది. ఆయన మొయినాబాద్ బడిలో పంతులు. ఇంజిన్ పైనుంచి ఆయిలు కారుతోందట. ఇంజిన్ నెత్తి మీద మూతలా ఉండే టాపెట్ కవర్‌ను మా ఆయన విప్పి, దాని కింద ఆయిలు కారకుండా వేసే కొత్త ప్యాకింగ్ కోసం మొయినాబాద్ పోయాడు. సారు సాయంత్రానికల్లా కారు కావాలన్నాడు. చాచా మిగతా సామాన్లు కడిగి, జుమ్మా నమాజుకు టైమయిందని లేచాడు. టాపెట్ కవర్ ఇంకా ట్రే పక్కనే ఉంది. లోపలి వైపు మాడిన చారు గిన్నెలా నల్లగా గడ్డకట్టి ఉంది. అంచు ఒకచోట గీసుకుపోయి, కింద తెల్లటి అల్యూమినియం తళుక్కుమంటోంది.

ఆ తళుకే నన్ను చెడగొట్టింది. షెడ్డులో ఎవరూ లేరు. కవర్ తీసుకుపోయి బండ మీద పెట్టి, ఇటుక పొడి, కొబ్బరిపీచు అందుకున్నాను. అరగంట తోమాను. చేతులు మండాయి గానీ అది పండగ గిన్నెలా తేలింది. రెండు బకెట్ల నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను. లోపలి పక్క ఒక రేకు బిగించి ఉండడం చూశాను. దాని వెనక సందు ఉందని, నీళ్ళు పోయినంత తేలిగ్గా అందులోంచి పొడి రాదని నాకేం తెలుసు.

మా ఆయన ప్యాకింగ్ పట్టుకుని వచ్చేసరికి చాచా కూడా వచ్చి కూర్చున్నాడు. కరెంటు లేక గాలి మిషను నడవడం లేదు, కవర్‌కు గాలి కొట్టే వీలు లేదు. మా ఆయన కవర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉస్తాద్, అద్దం లెక్క జేసినవ్. పని అంటె గిట్ల ఉండాలె" అన్నాడు.

చాచా కవర్ వైపు తల తిప్పాడు. కొంచెం నవ్వాడు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. తోమింది నేను అన్న మాట నోటిదాకా వచ్చింది. ముట్టొద్దన్న మాట గుర్తొచ్చి మింగేశాను. మింగాను గానీ అరగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా గిన్నెల గురించి ఒక్క ముక్క అనని మనిషి, నేను తోమిన మూతను చూసి ఇంకొకరిని మెచ్చుకున్నాడు. చాచా అయినా "నేను కాదు" అనొచ్చు కదా. ఎందుకు అనలేదో అర్థం కాలేదు. కళ్ళు సరిగా లేక ఏది కడిగాడో ఏది కడగలేదో మరిచిపోయాడేమో అనుకున్నాను. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. ఎందుకని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పన్నెండు రోజులకు సారు కారు మళ్ళీ వచ్చింది. ఇంజిన్ లోంచి టకటకమని చప్పుడు. మా ఆయన కవర్ విప్పి చూసి, తర్వాత కింద ఆయిలు ఉండే గిన్నె దించాడు. అడుగున గరుకు. దాన్ని పెట్రోలుతో జాడించి తెల్లగుడ్డ మీద పోస్తే ఎర్రటి రవ్వ తేలింది. పైన నున్నగా ఉండాల్సిన ఇనుము మీద గోళ్ళతో రక్కినట్టు గీతలు. నాకు ఇంజిన్ల గురించి తెలియదు గానీ మా ఆయన ముఖం గురించి తెలుసు. అంత నల్లబడడం ఎప్పుడూ చూడలేదు.

"దుమ్ము. రోడ్డు పెద్దగ చేస్తున్నరు గద, పొద్దంత ఎర్రమట్టి లేస్తున్నది. కడిగిన సామాన్ల మీద కూసున్నది" అన్నాడు.

చాచా ఆ రవ్వను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చాలాసేపు నలిపాడు.

"ఇది రోడ్డు దుమ్ము గాదు బేటా. మట్టైతె వేళ్ల నడుమ మెత్తగైతది. ఇది నలుగుతలేదు."

"మరేంది? నీకు కనవడుతున్నదా ఉస్తాద్?"

ఆ మాట అన్నాక మా ఆయనే తల వంచుకున్నాడు. కానీ అన్నమాట అన్నట్టే ఉంది. చాచా వేళ్ళు గుడ్డకు తుడుచుకున్నాడు. సాయంత్రం చాయ్ తాగేటప్పుడు మా ఆయన నేల చూస్తూ, "రేపటి సంది రాకు ఉస్తాద్. ఇంట్ల ఆరాం జెయ్" అన్నాడు. కసురుకోలేదు, మెల్లగానే అన్నాడు. చాచా లేచాడు. బ్రష్షును ఎప్పటిలాగే కడిగి, ఆరబెట్టకుండా తడిదే సంచిలో పెట్టుకుని బస్సు కోసం రోడ్డు దాటాడు. చాయ్ సగం గ్లాసులోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి నా బుర్ర గందరగోళం. చాచా మాట నిజమైతే అది రోడ్డు దుమ్ము కాదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఆయిలు కల్తీదా? సారు పొలం పక్కన ఆపినప్పుడు ఎవరైనా గిట్టనివాళ్ళు మట్టి పోశారా? మా నేలంతా ఎర్రదే కదా, ఆ ఎరుపును చూసి ఏం తేల్చుకుంటాం? మా ఆయన మాటే నిజమనుకుంటే, పొరలు కమ్మిన కళ్ళకు దుమ్ము ఆనకపోవడం సహజమే. అప్పుడు మానిపించడమూ సబబే. అంత సబబైతే నాకు అన్నం ఎందుకు సహించడం లేదు? ఒకటి నమ్మితే ఇంకొకటి పొసగడం లేదు. ఏం చెయ్యాలో తోచక షెడ్డంతా రెండుసార్లు ఊడ్చాను. మూడోసారి ఊడుస్తుంటే దుమ్ము లేపుతున్నానని మా ఆయన విసుక్కున్నాడు.

ఆదివారం కోడికూర వండాను. అంచు మడిచి ఉండే పాత గిన్నె ఉంది నాకు, అందులోకి తీసి వడ్డించి నేనూ తినడానికి కూర్చున్నాను. మా ఆయన రెండో ముద్దకే ఆగి, నోట్లోంచి ఏదో తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"తోముడు మంచిగనే తోముతవు గాని, జర కడుగుడు గూడ నేర్చుకో. పంటి కింద కరకరమంటున్నది."

నేను గిన్నె ఎత్తి చూశాను. లోపలంతా తళతళలాడుతోంది. మడత కిందికి చీపురుపుల్ల పెట్టి గీస్తే ఎర్రటి పొడి రాలింది. పుల్ల ఒక చేతిలో, ముద్ద ఇంకో చేతిలో పట్టుకుని ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. మా ఆయన చెయ్యి కడుక్కుని పోయాక షెడ్డులోకి నడిచాను. విప్పిన టాపెట్ కవర్ మూలన ఉంది. లోపలి రేకు వెనక్కి అదే పుల్ల దూర్చి, కవర్‌ను పళ్ళెం మీద బోర్లించి తట్టాను. ఎరుపు. నా చేత్తో దంచి, నా చేత్తో జల్లించిన ఎరుపు.

వెంటనే చెప్పానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. చాచా కళ్ళు మసకే కదా, ఎప్పటికైనా మానాల్సిందే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కొంచెం రోడ్డు దుమ్ము కూడా కలిసే ఉంటుంది, పాపమంతా నాదే ఎట్లా అవుతుంది అని కూడా అనుకున్నాను. శుభ్రం చేస్తే మురికి ఎట్లా అవుతుందన్నది ఇంకో తికమక. నేను ఏ చెడ్డ పనీ చెయ్యలేదు. చేసిన మంచి పనే ఒక ముసలి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది. దీన్ని ఏ వైపు నుంచి పట్టుకోవాలో తెలియలేదు.

బుధవారం పొద్దున చాచా వచ్చాడు. షెడ్డు లోపలికి రాలేదు. రోడ్డు అంచునే నిలబడి నన్ను పిలిచి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మరిచిపోయి జేబుల ఏసుకపోయిన బిడ్డా. ఆ సారు కారు మంచిగయిందా?"

ఇక నా వల్ల కాలేదు. లోపల కారు కింద పడుకుని ఉన్న మా ఆయనకు వినబడేలా చెప్పేశాను.

"చాచా తప్పు గాదు. ఆ కవర్ తోమింది నేను. ఇటుక పొడితోని తోమిన. రేకు ఎనుక ఇంక ఉన్నది, సూడున్రి."

మా ఆయన బయటికి వచ్చాడు. కవర్ తీసుకుని తట్టి చూశాడు. ముట్టొద్దని చెప్పిన గదా అని నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాచా వైపు తిరిగాడు గానీ ముఖం చూడలేకపోయాడు.

"నేను తోమలేదని ఆనాడే చెప్పొద్దా ఉస్తాద్?"

చాచా మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను తోమలేదని నాకెరుకే బేటా. నమాజుకు పోయొచ్చేటాల్లకు తోమి ఉన్నది. ఇంతల నువ్వొచ్చి పని అంటె గిట్ల ఉండాలంటివి. ఆ మాట నన్ను ఎవలన్న అని ఎన్నేండ్లయిందో. మనసుకు మంచిగనిపిచ్చింది, ఊకున్న. నాది గాని మెప్పు తీసుకున్నంక, తిట్టు మాత్రం నాది గాదంటె ఎట్ల?"

మెప్పు రాలేదని రెండు రోజులు మూతి ముడుచుకున్న దాన్ని నేను. తిట్టు ఇంకొకరి మీద పడితే, తెలిసి కూడా మూడు రోజులు తలుపు చాటున తిరిగిన దాన్నీ నేనే. తాళంచెవిని చాచా చేతిలోనే తిరిగి పెట్టాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఆ పొడి ఉన్నదా బిడ్డా, జర తే" అన్నాడు.

డబ్బా తెచ్చి ఇచ్చాను. చాచా చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, "గిదే" అని, మిగిలింది మా ఆయన అరచేతిలో వేశాడు. మా ఆయన ఈసారి కళ్ళు మూసుకుని నలిపి చూశాడు.