నలభై జవాబుల పిల్ల

కుప్పం నుంచి తమ్ముడు పంపిన అట్టపెట్టె విప్పగానే నాఫ్తలీన్ ఉండల వాసన, దాని వెనకే పాత వార్నిష్ వాసన గుప్పుమన్నాయి. అమ్మ చీరల మడతల్లో ఉంది ఆ చెక్కపలక. నీలం రంగు మీద తెల్లటి పెద్ద అక్షరాలు: ‘అడిగిన ప్రతివానికీ జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండండి.’ పదేళ్లప్పుడు నాకొచ్చిన బహుమతి. పుంగనూరులో మీ చర్చి పిల్లలకు విశ్వాసాన్ని సమర్థించుకునే తరగతి నువ్వే చెప్తావంట కదక్కా, గోడకు తగిలించుకో అని చీటీ కూడా పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. తీసుకెళ్లి పొయ్యిలో పెడదామనుకున్నాను గానీ, ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి.

డెబ్బైలలో మేం మదనపల్లెలో ఆసుపత్రి కాంపౌండులో ఉండేవాళ్లం. నాయన అక్కడ కాంపౌండరు. డిసెంబరు వచ్చిందంటే కొండల మీంచి దిగిన మంచు పొద్దెక్కినా కదిలేది కాదు, ఇంటింటి వసారాలో అనపకాయలు కుప్పలు పోసి ఉండేవి, వాటి జిడ్డు పచ్చివాసన గౌన్లకూ జడలకూ పట్టుకుని చర్చి దాకా వచ్చేది. రాత్రి నానేసిన గింజల్ని పొద్దున్నే వేళ్ల మధ్య నొక్కితే పప్పు చటుక్కున జారి గిన్నెలో పడేది. మా అవ్వ దాంతో పితికిపప్పు కూర చేసి, వేడి వేడి రాగిసంగటి నడుమ గుంట చేసి పోసేది. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ నిప్పట్లు కాలే శెనగనూనె వాసన, వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి చేసే నక్షత్రాలు, గొంతు బొంగురుపోయేదాకా పాటలు, మధ్యలో వసారా గచ్చు మీద అచ్చనగాయలు.

ఆ సుఖంలో ఒక ముల్లు, నాయన నోటుపుస్తకం. అందులో నలభై ప్రశ్నలు, నలభై జవాబులు. మేం గింజలు పితుకుతూ ఉంటే ఆయన మోడా మీద కూర్చుని అడిగేవాడు. బొట్టు ఎందుకు పెట్టుకోవు? ప్రసాదం ఎందుకు తినవు? మీది తెల్లోళ్ల దేవుడు కదా? తడబడితే ఆ పూట నా నిప్పట్టు తమ్ముడి నోట్లోకి. చిన్నప్పుడు సదుం బడిలో తోటి పిల్లలు చుట్టూ మూగి ఇవే అడిగి ఎగతాళి చేస్తే నోరు పెగలక ఏడ్చాడట ఆయన. తన పిల్లలకు ఆ గతి పట్టకూడదనుకున్నాడు. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతుందా?

నాకు పదేళ్లున్న ఏడు రెడ్డెమ్మ వచ్చింది. సోమల దగ్గర మెట్టసేద్యం చేసుకునే వాళ్ల పిల్ల, నా ఈడుది. వాళ్లమ్మను ఆడవాళ్ల వార్డులో చేర్చి, రోగుల వెంట వచ్చినవాళ్లు వండుకునే రేకుల షెడ్డులో తండ్రీ కూతుళ్లు రెండు నెలలున్నారు. రోజూ మా వసారాకు వచ్చి మాతోపాటు పితికేది. నా కంటే చురుగ్గా పితికేది, అచ్చనగాయల్లో నన్ను చిత్తుగా ఓడించేది. నేను ఒక్కటంటే ఒక్క జవాబు కూడా ఆమెకు అప్పజెప్పలేదు, ఎందుకంటే ఆమె ఏమీ అడగలేదు.

ఒక తెల్లవారుజామున వాళ్లమ్మ పోయింది. తండ్రి బండి మాట్లాడడానికి వెళ్లాడు. రెడ్డెమ్మ మా మెట్ల మీదికొచ్చి కూర్చుంది. చాలాసేపు గచ్చు గీకింది.

“సలోమీ, మా యమ్మ ఇప్పుడు యాడ ఉండాది?” అంది.

ముప్పై ఒకటో ప్రశ్న అది. నాకు నోటికొచ్చు. ఊపిరి తీసుకోకుండా చెప్పాను, నమ్మనివాళ్లంతా నరకంలో ఆరని అగ్గిలో ఉంటారనీ, వాళ్లమ్మ కూడా అక్కడే ఉందనీ. తడబడలేదు. చెప్పాక నిప్పట్టు కోసం చూసినట్టు నాయన కోసం గుమ్మం వైపు చూశాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెడ్డెమ్మ ఏడవలేదు. షెడ్డులోంచి ఇత్తడి చెంబు తెచ్చుకుని బోరింగు దగ్గరికి పోయింది. పిడి అందక వేలాడుతుంటే అవ్వ చూసి వెళ్లింది, నేనూ వెనకే వెళ్లాను.

“అగ్గిలో ఉంటే మా యమ్మకు దప్పికైతాది కదవ్వా?” అంది రెడ్డెమ్మ. “సలోమి సెప్పింది.”

అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. జీవితంలో నన్నెవరూ అలా చూడలేదు.

“నాకు తెల్దు తల్లీ,” అంది. “నువ్వు సెంబు పట్టు, నేను కొడతా.”

ఆ నీళ్లు తీసుకెళ్లి రెడ్డెమ్మ వాళ్లమ్మ పెదాల మీద కొంచెం కొంచెంగా పోసింది. పోయినవాళ్ల నోట్లో నీళ్లు పోయడం వాళ్ల ఆచారమే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. మళ్లీ చెంబు పట్టుకుని బోరింగు దగ్గరికొచ్చింది. బండి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది, అవ్వ కొడుతూనే ఉంది.

నాయనకు ఈ సంగతి తెలిసి ఏం చేశాడు? మురిసిపోయాడు. ఆ వేసవిలో కుప్పం ప్రార్థన కూడికల్లో వేదికెక్కి, నా బిడ్డ పదేళ్ల వయసులో జంకకుండా సాక్ష్యం చెప్పిందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. గుడుపల్లె నుంచి వచ్చిన పాస్టరు నా తల నిమిరి ఈ పలక చేతిలో పెట్టాడు. తల్లి పోయిన పిల్లకు నేను చేసిన పనికి బహుమతి! నవ్వుతూ అందుకున్నాను, అదింకా సిగ్గుచేటు.

ఇంటికొచ్చాక అవ్వ ఆ పలక చదవమంది. ఆమెకు అక్షరం రాదు గానీ బైబిలు వాక్యాలన్నీ చెవిన పడి కంఠతా వచ్చు. చదివాను. సాత్వికంతో చెప్పమని ఉండాది కదా, ఆ మిగతా సగం ఏదని నాయనను అడిగింది. పెయింటరు పెద్దక్షరాలు రాశాడు, పలక చాల్లేదన్నాడు నాయన.

“సాత్వికానికే తావు సాల్లేదా అప్పా మీకు?” అంది అవ్వ.

నలభైలో ఆ ప్రశ్న లేదు మరి. నాయన మేకు కొట్టి పలకను గోడకు తగిలించాడు. ఆయన పోయేదాకా అది అక్కడే ఉంది, నేను పోట్లాడింది మాత్రం ఒక్కనాడూ లేదు. ఆ కోపమంతా ఇప్పుడు ఎవరి మీద చూపించను?

కాంపౌండు ఇళ్లు కూలగొట్టేశారు, రేకుల షెడ్డు లేదు, బోరింగు ఉన్నచోట బండ్లు నిలుపుతున్నారు. పుంగనూరు సంతలో పితికిపప్పు ప్లాస్టిక్ కవర్లలో అమ్ముతున్నారు, ఏ పిల్ల గోళ్లలోనూ ఆ పచ్చివాసన లేదు. సోమలకు రెండుసార్లు వెళ్లి వెతికాను. ఊరికి పదిమంది రెడ్డెమ్మలు, నా రెడ్డెమ్మ దొరకలేదు. నేనింకా ప్రార్థన చేసుకుంటాను, ఆదివారం మానను. ఈ ఆదివారం తరగతిలో పిల్లలకు మొదట నేర్పేది అవ్వ జవాబే, ఎవరేమనుకున్నా సరే. వాదానికొస్తారని నాయన భయపడినవాళ్లెవరూ ఇన్నేళ్లలో నా గడప తొక్కలేదు. నన్ను మనసారా అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఆ రోజు నేను సిద్ధంగానే ఉన్నాను.