టర్న్‌అగైన్ బురదలో యాభై నిమిషాలు

ఎనభైల మధ్యలో, నా భార్య సరళ డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణ పూర్తి చేసిన వేసవిలో మేమిద్దరం అలాస్కా వెళ్లాం. అంతకుముందు మూడేళ్లు నేపర్‌విల్‌లో మేము కలిసి తిన్న భోజనాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆమె హాస్పిటల్ నుంచి వచ్చే వేళకి నేను షికాగో రైలెక్కేవాణ్ణి. చివరి డ్యూటీ అయిన రోజు బూట్లు విప్పుతూ, "ఎక్కడికైనా పోదామండీ. ఫోన్ రింగవని చోటుకి," అంది. ఆ వారమే టికెట్లు బుక్ చేశాను.

సియాటిల్‌లో విమానం మారి యాంకరేజ్ చేరాం. వెనకాల మంచం, చిన్న గ్యాస్ పొయ్యి ఉన్న క్యాంపర్ వ్యాన్ రోజుకి యాభై డాలర్లకి అద్దెకి దొరికింది. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి సీవర్డ్ వైపు బయలుదేరాం. నూట ఇరవై ఏడు మైళ్లు, ఆగకుండా వెళితే మూడు గంటలు. కానీ ఆగకుండా వెళ్లడం ఎవరికీ సాధ్యం కాదు. ఊరు దాటిన కాసేపటికే ఎడమ చేతివైపు కొండలు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. కుడివైపు రైలు పట్టాలు, వాటి అవతల కొండల మధ్యకి సన్నగా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దాని పేరు టర్న్‌అగైన్. మేము చూసేసరికి నీళ్లు వెనక్కి పోయి, మైళ్ల దూరం బూడిదరంగు నేల బయటపడి ఉంది.

దూరంగా నీళ్లలో తెల్ల తిమింగలాల వీపులు కనిపించాయి. వ్యాన్ ఆపి, కెమెరా తీసుకుని పట్టాలు దాటి, ఒడ్డున పేర్చిన రాళ్లు దిగాను. అక్కడ హెచ్చరిక బోర్డు ఉంది. "ఆగండి, డేంజర్ అని రాశారు," అంది సరళ. నా ఉద్యోగం కట్టడాల కింద మట్టిని పరీక్షించడం. "మట్టి గురించి నాకు చెప్తావా?" అన్నాను. మడమతో తన్ని చూస్తే నేల సిమెంటులా గట్టిగా ఉంది. ముప్పై అడుగులు నడిచి, ఫోకస్ సరిచేసుకుంటూ ఒక నిమిషం నిలబడ్డాను. కిందికి చూసేసరికి కాళ్లు పిక్కల దాకా దిగిపోయాయి. ఒక కాలు లాగబోతే రెండోది మోకాలి దాకా పోయింది.

"కదలకు! అలాగే ఉండు!" అని అరిచింది సరళ. ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. వ్యాన్‌లోంచి మంచం చెక్క ఊడదీసి ఈడ్చుకొచ్చింది. ఈలోగా రోడ్డు మీద ఒక పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి వలలు అమ్ముకునే నార్మా అనే పెద్దావిడ తాడు పట్టుకుని దిగింది.

"లాగొద్దమ్మా, లాగితే ఇంకా దిగిపోతాడు. మీ దగ్గర నీళ్లున్నాయా?" అని అడిగింది.

"ఫుల్ క్యాన్ ఉంది."

"తీసుకురా. అయ్యా, నువ్వు కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలు. ఒక్క కాలే, మెల్లగా ఆడించు."

సరళ చెక్క మీద బోర్లా పడుకుని, నా కాలి పక్కన చేత్తో సందు చేస్తూ, బురద వదులయ్యేలా నీళ్లు పోసింది. అప్పటికి పోటు మొదలైంది. ఇందాక దూరంగా మెరిసిన నీటి అంచు నిమిషనిమిషానికీ దగ్గరవుతోంది. యాభై నిమిషాలకి రెండో కాలు బయటికొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది. మేము రాళ్లెక్కి కూర్చున్నాం. కాసేపటికి నేను నిలబడ్డ చోట అలలు ఆడుతున్నాయి.

దారిలో ఒక చిన్న హోటల్లో ఆగి చేపల సూప్ తాగాం. వంటాయన నా ప్యాంటు చూసి, "బురదేనా?" అన్నాడు. తలూపాను. "ఈ వేసవిలో నువ్వు రెండోవాడివి. మొదటివాడు ఇక్కడ పుట్టి పెరిగినవాడే," అంటూ ఇంకో గరిటెడు పోశాడు. తర్వాత వ్యాన్ సరళే నడిపింది. సాయంత్రం అయిదింటికి సీవర్డ్ చేరి, సముద్రం ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం.

మర్నాడు ఉదయం ఫియోర్డులు, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, చూపించే పడవ ఎక్కాం. రెండువైపులా నిటారు కొండలు, వాటి మీదనుంచి నీళ్లలోకి దిగే మంచు. ఒక చోట ఇల్లంత ముక్క విరిగిపడింది. ముందు అది పడటం కనిపించింది, తర్వాత ఉరుము లాంటి చప్పుడొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సరళ మాత్రం అటు చూడలేదు. "నిన్న నేను టైమ్ లెక్కేస్తూనే ఉన్నానండీ," అంది. "నీళ్లు ఎంత దూరం, ఇంకా ఎన్ని నిమిషాలు అని. మీరు నా పేషెంట్ అనుకున్నాను. లేకపోతే చేతులు ఆడేవి కావు." ఆ మాట అంటూ చేతిలోని కాఫీ కప్పు నా వైపు చాచి, రెండో చేత్తో పడవ కమ్మీ పట్టుకుంది. కప్పు నేను అందుకున్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు మట్టి నివేదికలు రాశాను. కొత్త స్థలానికి వెళ్లినప్పుడల్లా, పరికరాలు దించకముందే పక్కన ఉండేవాళ్లని పలకరించి, ఆ నేల గురించి అడిగేవాణ్ణి. అలా అడగడం ఏ కాలేజీలోనూ నేర్పలేదు, నేర్పినా అప్పట్లో వినేవాణ్ణి కాదేమో. ఈ దారిలో వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: వ్యాన్ తీసుకునేటప్పుడే ఆ రోజు ఆటుపోట్ల వేళల కాగితం అడిగి తీసుకోండి. నేల ఎంత గట్టిగా కనిపించినా సరే, రాళ్లు దాటి కిందికి దిగకండి.