మేకలు సందు చూస్తాయి

మూఢనమ్మకం పలికిన నోరే నిజం కూడా చెబితే మీరేం చేస్తారు?

కొండదారిలో సైకిలు తొక్కడం నేర్చుకోబోయి, ఒకే వాలులో రెండుసార్లు పడ్డాను. ఇక నా వల్ల కాదని కెలమంగలంలో నా కొత్త సైకిలు పట్టుకుని హోసూరు బస్సు కోసం నిల్చున్నాను. మేకలు తోలుకెళ్తున్న ఒకావిడ నా మోచేతి రక్తం చూసి ఆగింది.

“కొత్త బండికి నిమ్మకాయ తొక్కించినావా అప్పా?”

“నిమ్మకాయ కాపాడుతుందా అమ్మా?” అని ఉపన్యాసం మొదలుపెట్టాను.

“అది సరే, పడేటప్పుడు యాడ చూస్తా ఉండినావు?”

“ఎదురుగా ఉన్న రాయినే.”

“రాయిని చూస్తే రాయి మీదికే పోతావు. మా మేకలు సందు చూస్తాయప్పా!”

బస్సు వదిలేసి ఆ వాలుకే వెళ్లాను. రాళ్ల మధ్య సందునే చూశాను, నిమ్మకాయ లేకుండానే పడకుండా దిగాను. ఆవిడను ఏమనుకోవాలో ఇప్పటికీ తేలడం లేదు. మీరు మాత్రం మనిషిని చూసి మాటను కొట్టేయకండి. ఆ మాటను తీసుకెళ్లి పరీక్షించండి.