మామ పేరున్న బెంచీ

మొన్న ఆదివారం మా మనుమరాలు, కాలేజీల ఇండ్ల నక్షలు గీసే చదువు చదువుతున్న పిల్ల, ఒక కాయితం తెచ్చి నా ముందట పరిచి, ముసలోళ్లు సుత సుకంగ కూసునే బెంచీ గీయమన్నరు తాతా, ఎట్లున్నదో చూడు అన్నది. కండ్లద్దాలు పెట్టుకొని చూసిన. ఎత్తు సరిగ్గున్నది, చేతులు ఆనిచ్చుకోను కడ్డీలున్నయి, చూడముచ్చటగ సుత ఉన్నది. బాగున్నదని ఒక్క మాటంటే అయిపోయేది గని, కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టిన. మున్సిపల్ ఆఫీసుల కొలువంతా నక్షలు గీసుడే నా పని, అయినా బెంచీ అంటే నాకు యాదికొచ్చేది ఒక్కటే, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతోని తల వంగిపోతది.

మాది కరీంనగర్ దిక్కు సాంచెల ఊరు. మరమగ్గాలను మేం సాంచెలంటం, వాటి చప్పుడు ఆగితేనే మాకు నిద్ర పట్టకపోయేది. మా మేనత్త పెనిమిటి, అంటే మా మామ, ఆ సాంచెల మీదనే బతుకంతా అరగదీసుకొని, ఆఖరికి దమ్ము రోగంతోని సర్కారు దవాఖానకు తిరిగేటోడు. అక్కడ చీటీ రాసే కిటికీ ముందట కూసోను ఏమీ లేకుండె, గోడ పట్టుకొని నిలవడి నిలవడి ఆయన కాళ్లు వాచేటియి. ఆయన పోయినంక అత్త, అదే జాగల మామ పేరు మీద ఒక బెంచీ వేయిస్తనని పట్టువట్టింది. నన్ను పిలిచి, కాళ్లు నేలకానాలె, లేచేటప్పుడు పట్టుకోను ఆసర ఉండాలె, ఈపు ఆనిచ్చుకోవాలె అని పెండ్లి చీర పురమాయించినట్టు ఒక్కొక్కటి చెప్పింది. అప్పటికే ఆమె మోకాళ్లు సుత పట్టేసినయి మరి.

అన్నీ తు.చ. తప్పకుండ చేసిన. అత్తను కుర్చీల కూసోవెట్టి టేపుతోని ఆమె మోకాలెత్తు కొలిచి మరీ గీసిన. కరీంనగర్ నల్లబండ తెప్పిచ్చి అద్దం లెక్క పాలిష్ పట్టిచ్చి, ఈపు ఆనే బండ మీద సరిగ్గ నడిమిట్ల మామ పేరు తెల్లటి అక్షరాలతోని పెద్దగ చెక్కిచ్చిన, వచ్చెటోళ్లకు కనవడాలె గద! ఓపెనింగ్ నాడు పెద్దసారు నా భుజం తట్టిండు, ఫోటో దీసి ఆఫీసు గోడకు తగిలిచ్చిండ్రు. ఇగ చూడుండ్రి, నా కాళ్లు భూమ్మీద ఆనలే.

పదిహేను రోజులకు అటు పోతే, బెంచీ మెరుస్తున్నది, జనమంతా దాని ముందట నేల మీద కూసున్నరు. ఇంత మంచిగ చేపిస్తే కూసోరేంది అని కేకలేసిన. ఒక పెద్దమనిషి నెత్తి రుమాలు సర్దుకొని, "కూసుంటే ఈపు ఆనకుంట ఉండదు, పోయినాయన పేరుకు ఈపెట్ల ఆనిస్తం సారూ, పాపం గాదా?" అన్నడు. కాలు తగిలితే చిత్తు కాయితాన్ని సుత కండ్లకద్దుకునే ఇంట్ల పుట్టినోన్ని, అయినా చదువుకున్న పొగరు, నవ్విన. అప్పుడు చూసిన, ఆ నేల మీద కూసున్నోళ్లల్ల, బీపీ గోలీలకు వచ్చిన మా అత్త సుత ఉన్నది. పెనిమిటి పేరు నోటితోని పలుకనిదాయె, దానికి ఈపెట్ల ఆనిస్తది? ఈ సోయి నాకు గీసేటప్పుడే ఉండాలె.

ఆనాడు పొద్దుగూకినంక అత్త కుంటుకుంట మా ఇంటికొచ్చింది. "జర ఆ బండ ఎనుకకు తిప్పియ్యి బిడ్డా. పేరు గోడ దిక్కున్నా మీ మామకేం తక్కువ గాదు" అన్నది. సిమెంటు పట్టేసింది, తిప్పితే బండ పలుగుతదత్తా అన్న. పచ్చి అబద్ధం. అది రెండు బోల్టులతోని బిగిచ్చిన బండ, నా ముందటనే బిగిచ్చిండ్రు. తిప్పితే నా పనితనం ఎవలకు కనవడదు, ఫోటోల ఉన్నట్టు ఉండదు, అదీ నా బాధ. నువ్వు చెప్పినంక అంతే గద బిడ్డా అని నమ్మి పోయింది.

తర్వాత ఒకసారి దవాఖానల నేల మీదికెల్లి లేవలేకపోతే ఇద్దరు ఆడోళ్లు రెక్కలు పట్టి లేపిండ్రట, అందరి ముందట సిగ్గయిందట. అప్పటిసంది దవాఖానకు పోవుడు బందువెట్టింది, బీపీ గోలీలు తెచ్చుకునుడు బందయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పక్క గల్లీలనే ఉండి కూడ, గోలీలు మింగుతున్నవా అత్తా అని ఒక్కనాడు అడగలే నేను. చలికాలంల ఒక పొద్దుగాల వాకిలి ఊడ్చుకుంట పడిపోయింది, ఒక దిక్కు కాలు చెయ్యి పడిపోయినయి, నెల తిరగక ముందే పానం పోయింది. గోలీలు మింగినా ఇట్లయ్యేదో ఏమో అన్నడు డాక్టరు. ఇంట్ల ఎవలూ నన్నొక్క మాటనలే. ఒక్కరన్న తిడితే బాగుండుననిపించింది.

దినాలైన మరునాడే మేస్త్రీని తోలుకపోయి బండ తిప్పిచ్చిన. గంట సుత పట్టలే. పానా ఇంకా మేస్త్రీ చేతులనే ఉన్నది, ఎవలో ముసలవ్వ వచ్చి కడ్డీ పట్టుకొని మెల్లగ కూసొని, ఈపు ఆనిచ్చి, అబ్బ అన్నది. నాకు ఏడుపాగలే.

ఇప్పుడు కాలం మారింది. పార్కులల్ల, బస్టాండ్లల్ల ఏ బెంచీ చూసినా పేర్లే, పిల్లలు వాటికే ఈపు ఆనిచ్చి ఫోన్లు చూసుకుంటరు, పాపమని ఎవలూ అనుకోరు. ఒకందుకు అదే నయమేమో, నేను చేసినట్టి తప్పు ఇంకోడు చేసినా ఇప్పుడు ఎవల మోకాళ్లకూ తిప్పలుండదు. మా ఊర్ల నాతోటోళ్లు మాత్రం ఇప్పటికీ, నువ్వు వేసిన బెంచీ అంత సుకమైన బెంచీ ఇంకోటి లేదు అంటరు. నేను తల ఊపుతా. మా అత్త మోకాలెత్తుకు కొలిచి చేసిన బెంచీ అది, ఆమె ఒక్కనాడు సుత దాని మీద కూసోలే.