నెయ్యి లేని పథ్యం

మా మేనత్తకు పథ్యం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, ఎవరు ఏ మందు మింగినా ముందు వాళ్ల కంచంలోంచి నెయ్యీ నూనే తీయించేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే కాబట్టి నా కంచం మీద పెత్తనమూ ఆవిడదే.

పంతొమ్మిది వందల అరవైల్లో, ఒంగోలు దగ్గర మా ఊరి బడిలో నాకు టీచరుగా టెంపరరీ ఉద్యోగం దొరికిన ఏడాదే మెడ మీద తామర లేచి చెవుల దాకా పాకింది. పిల్లలకు అంటుకుంటుందని తల్లిదండ్రులు గోల చేశారు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేనాటికి తగ్గితేనే రమ్మని, లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని హెడ్మాస్టరు కబురు చేశాడు.

గుంటూరు డాక్టరు కొత్తగా వచ్చిన మాత్రలు రాశాడు. గట్టి మందన్నాడు. అన్నంలో నెయ్యో మీగడో ఉన్నప్పుడే మింగాలి, లేకపోతే ఒంటబట్టదు, ఎండలో తిరగకూడదు, మచ్చ పోయినట్టు కనిపించినా తను చెప్పేదాకా ఆపకూడదు అన్నాడు. అత్త అన్నిటికీ బుద్ధిగా తలూపింది. తిరుగు రైల్లో మాత్రం తీర్పు చెప్పింది.

"తామరకు నెయ్యి తినమంటాడా? పథ్యం చెప్పడం కూడా చేతకానోడు, వాడేం డాక్టరే."

ఆ రోజు నుంచి చారన్నం, ఉడకబెట్టిన బీరకాయ, నీళ్లమజ్జిగ. ఇంట్లో రెండు గేదెలు పాలిస్తుంటే నాకీ భోగం. పైగా ఎండకు తామర మాడి చస్తుందని మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో నన్ను కాపలా కూర్చోబెట్టింది. తామర చావలేదు. మొహం కమిలి, మచ్చ లేని చోట కూడా ఎర్రగా దద్దులు లేచాయి. అది చూసి, వేడి చేసిందని, మజ్జిగ మీద తేలే కాస్త వెన్న కూడా తీసేసింది.

ఆవిడనని ఏం లాభం? చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, ట్రైనింగు చదివి నలభైమంది పిల్లల్ని అదిలించేదాన్ని, డాక్టరు మాట చెవులారా విన్నదాన్ని, అత్త ముందు నోరు తెరవలేదు. పెట్టింది తిని, కూర్చోమన్నచోట కూర్చున్నాను.

బడి తెరవడానికి వారం ముందు మళ్లీ గుంటూరు వెళ్లాం. డాక్టరు నా మెడ చూసి, మొహం చూసి, ఏం తింటున్నావని అడిగాడు. అత్తే గర్వంగా అందుకుంది.

"చుక్క నెయ్యి తగలనివ్వలేదండి. పిల్ల ఒక్కతే నోరు కట్టుకుంటే బాధపడుద్దని నేనూ మానేశా."

"నెయ్యి లేకుండా ఆ మందు మింగినా మింగనట్టేనమ్మా" అన్నాడాయన.

మర్నాడు అత్త నా అన్నంలో గరిటెడు నెయ్యి పోసింది. తన కంచంలో మాత్రం వేసుకోలేదు.

బడి తెరిచారు. నా కుర్చీలో పక్క ఊరావిడ కూర్చుంది. రెండు నెలలకు నా మెడ నున్నగా అయింది. అత్త నన్ను గడప దగ్గర నిలబెట్టి, జడ పక్కకు తీసి, వేలితో తడిమి చూసింది.

"ఇక బడికి వెళ్లొచ్చుగా" అంది.

"ఏ బడికి?" అన్నాను.